డాలరు పెట్టె నుంచి 18–55 దాకా

సరదాకి ఫొటోలు తీసుకునే మనిషి 1888కి ముందు అరుదు. అప్పట్లో కెమెరా కొనడం ఆ పనిలో చాలా చిన్న భాగం. గాజు పలక తుడిచి, దాని మీద కొలోడియన్ పోసి, వెండి లవణంలో ముంచి, అది తడిగా ఉండగానే ఫొటో తీసి, చీకట్లో కడిగెయ్యాలి. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. ఆరిందా, పలక దండగ. ఊరికి దూరంగా ఉన్న కోటనో గుడినో తీయాలంటే డేరా, సీసాలు, నీళ్లు, మోసేవాళ్లు అందరూ వెంట కదలాలి. మన వేసవిలో ఆ పలక ఎంతసేపు తడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అలాంటి రోజుల్లో ఇందోర్‌లో ఓ ప్రభుత్వోద్యోగి ఈ పని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరిన లాలా దీన్‌దయాళ్ 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. తర్వాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరై, రాజా దీన్‌దయాళ్ అయ్యాడు. 1892లో హైదరాబాదులో పరదా ఉన్న ఆడవాళ్ల కోసం, ఆడమనిషే కెమెరా వెనక ఉండేలా, విడిగా జనానా స్టూడియో కూడా తెరిచాడు. అంతటివాడూ ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో నేర్చుకున్నవాడే. కాకపోతే ఆయన నేర్చుకున్నదాంట్లో సగం రసాయనశాస్త్రం.

ఆ సగాన్ని తీసేసింది మరో ఉద్యోగి, అమెరికాలోని రోచెస్టర్‌లో బ్యాంకు గుమస్తా జార్జ్ ఈస్ట్‌మన్. 1877లో ఏదో ప్రయాణం అనుకుని, అక్కడ ఫొటోలు తీద్దామని సామాను కొన్నాడు. ప్రయాణం ఆగిపోయింది గానీ పిచ్చి పట్టుకుంది. గుర్రానికెత్తాల్సినంత ఈ బరువేమిటని విసుక్కున్న మనిషి మూడేళ్లలో ఆరిన పలకల వ్యాపారం మొదలుపెట్టాడు. 1888లో కొడాక్ కెమెరా తెచ్చాడు. ధర 25 డాలర్లు. 100 ఫొటోలకు సరిపడా రీలు లోపల ఎక్కించే ఇచ్చేవారు. తీగ లాగాలి, చెవి తిప్పాలి, మీట నొక్కాలి, అంతే. ఫొటోలు గుండ్రంగా వచ్చేవి. చూసి గురిపెట్టడానికి అద్దం కూడా లేదు. రీలు అయిపోతే కెమెరాను కెమెరాగానే 10 డాలర్లు జత చేసి కంపెనీకి పంపితే, వాళ్లే కడిగి, ప్రింట్లు వేసి, కొత్త రీలు ఎక్కించి తిప్పి పంపేవారు.

ఫొటో తీయడం వేరు, ఫొటో తయారు చేయడం వేరు అని రెండు పనులుగా విడిపోయింది అప్పుడే. ఆ తర్వాత కొత్తవాళ్ల కోసం వచ్చిన కెమెరాల్లో చాలావరకు వాళ్ల చేతిలోంచి ఇంకో పని తీసుకుంటూ పోయాయి. ఏది తీసుకుంది, ఏది వదిలింది అని చూస్తే ఆ కెమెరా మనకి ఏం నేర్పగలదో తెలిసిపోతుంది. మొదటి కెమెరా ఎంచుకోవడానికి మెగాపిక్సెళ్ల లెక్క కంటే నాకు ఇదే నమ్మకమైన కొలతగా కనిపిస్తుంది.

25 డాలర్లు అప్పటికి మామూలు సంసారికి అందే ధర కాదు. ఈస్ట్‌మన్ అక్కడితో ఆగలేదు. ఫ్రాంక్ బ్రౌనెల్ అనే ఆయన రూపకల్పన చేసిన అట్టపెట్టె కెమెరాను 1900 ఫిబ్రవరిలో బజారులోకి వదిలాడు. పేరు బ్రౌనీ, ధర 1 డాలరు, 6 ఫొటోల రీలు 15 సెంట్లు. ప్రకటనలు నేరుగా పిల్లలకే. మొదటి ఏడాదే లక్షకు పైగా అమ్ముడుపోయాయి. దానికి ఫోకస్ లేదు, షట్టర్‌కి ఒకటే వేగం. 1916లో తల్లిదండ్రులతో యోసెమిటీ లోయకు వెళ్లిన 14 ఏళ్ల ఆన్సెల్ ఆడమ్స్ చేతిలో ఉన్నది బ్రౌనీయే. ఫ్రాన్సులో కార్తియే-బ్రెస్సాన్ చిన్నప్పుడు పట్టుకున్నదీ బ్రౌనీయే. ఇద్దరూ తర్వాత పేరుమోసిన ఫొటోగ్రాఫర్లయ్యారు.

ఇంత తీసేశాక పిల్లవాడికి మిగిలిందేమిటి? ఎక్కడ నిలబడాలి, ఎంత దగ్గరికి వెళ్లాలి, ఎండ ఎటు ఉంది, ఎప్పుడు నొక్కాలి. లెన్స్ కంత చిన్నది, రీలు మందకొడిది కాబట్టి వెలుతురు దండిగా ఉంటేనే బొమ్మ పడేది. అందుకే తీసేవాడి వీపు వెనక సూర్యుడుండాలన్న నియమం పుట్టింది. మన ఇళ్లలో పాత ఆల్బమ్ తెరిస్తే, మేడ మీద వరసగా నిలబడి కళ్లు చికిలించుకుని ఉండే పెదనాన్నలూ అత్తయ్యలూ ఆ నియమం బాధితులే. రీళ్లు చురుకైనవి వచ్చి, లెన్సులు పెద్దవై ఎన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు కెమెరా కొన్నవాళ్లు ముందుగా వదిలించుకోవాల్సింది దాన్నే. మనిషిని వసారా నీడలోకి తెచ్చి, ముఖం వెలుతురు వైపు తిప్పి తీసి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఆ ఆల్బముల్లో చాలావాటి వెనక ఉన్నది మన బ్రౌనీ, ఆగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన ప్లాస్టిక్ కెమెరా. 120 రీలు, 12 ఫొటోలు, ఎండకీ మబ్బుకీ చిన్న గుర్తులు. దిగుమతులకి వంద ఆంక్షలున్న కాలంలో మధ్యతరగతి ఇంటికి అందింది అదే. రీలు సగంలో ఉండగా కడిగించడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. ఉగాదికి మొదలైన రీలు దసరాకి గానీ పూర్తయ్యేది కాదు, ఒకే నెగెటివ్ చుట్టలో బారసాలా పెళ్లీ పక్కపక్కనే ఉండేవి. 1980ల్లో 'ఖటక్' అనే ప్రకటనతో హాట్‌షాట్ కెమెరా వచ్చింది. గల్ఫ్ నుంచి దిగే పెట్టెల్లో టేప్‌రికార్డరు పక్కన యాషికాలు వచ్చాయి.

ఈ పక్కన ఇలా ఉండగా, జర్మనీలో వెట్జ్లార్ ఊళ్లో ఇంకో పాయ ఎప్పుడో చీలింది. లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బార్నాక్‌కి ఉబ్బసం. పలకల కెమెరా మోసుకుని కొండలెక్కడం ఆయన వల్ల కాలేదు. సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి, సినిమా ఫ్రేముకి రెట్టింపుగా 24×36 మిల్లీమీటర్ల బొమ్మ పడేలా జేబులో పట్టే కెమెరా చేశాడు. 1925లో లైప్జిగ్ సంతలో అది లైకాగా బయటికొచ్చింది, 50 మి.మీ. లెన్సుతో. ఇవాళ షాపులో ‘ఫుల్ ఫ్రేమా, క్రాప్ సెన్సారా’ అని అడుగుతారే, ఆ ఫుల్ ఫ్రేమ్ అంటే బార్నాక్ గీసిన ఈ 24×36 గడే. క్రాప్ సెన్సారు వైశాల్యంలో దాంట్లో సగం కంటే తక్కువ. కొత్తవాళ్లు ఈ ప్రశ్న దగ్గర నెలలు గడుపుతుంటారు, ఎందుకో నాకు అర్థం కాదు. తొలి రెండేళ్ల ఫొటోలు బాగా రాకపోవడానికి కారణం సెన్సారు కొలత కావడం చాలా అరుదు.

లెన్సులోంచే చూసి తీసే ఎస్సెల్లార్లలో కొత్తవాళ్లకి పెన్నిధిలా దొరికింది 1976లో వచ్చిన పెంటాక్స్ కె1000. 1997 దాకా, 20 ఏళ్లకు పైగా, దాన్ని పెద్దగా మార్చకుండానే తయారుచేశారు. ఎన్నో దేశాల్లో ఫొటోగ్రఫీ విద్యార్థులకి మొదట చెప్పిన పేరు అదే. అందులో బ్యాటరీ వెలుతురు కొలిచే ముల్లుకి మాత్రమే, మిగతాదంతా యంత్రమే. ముల్లు మధ్యలోకి వచ్చేదాకా షట్టర్ వేగమో, లెన్స్ కంతో తిప్పాలి, ఫోకస్ చేత్తోనే చూసుకోవాలి. బ్రౌనీ తీసేసిన మూడు పనులనూ ఇది విద్యార్థి చేతికి తిరిగిచ్చింది. అదే ఏడాది క్యానన్ ఏఈ-1లో మైక్రోప్రాసెసర్ వచ్చి కూర్చుంది. మరుసటి ఏడాది కొనికా తనంత తానే ఫోకస్ చేసుకునే కెమెరా తెచ్చింది. ఒక చేత్తో ఇస్తూ ఇంకో చేత్తో తీసుకోవడం అంటే ఇదే.

ముల్లు కూడా లేని రోజుల్లో ఓ లెక్కుండేది, ఇప్పటికీ పనిచేస్తుంది. నడి ఎండలో లెన్స్ కంత ఎఫ్16 దగ్గర పెట్టి, రీలు వేగం 100 అయితే షట్టరు సెకనులో వందో వంతు పెట్టాలి. 400 అయితే నాలుగు వందో వంతు. నీడలోకి వెళ్తే కంత రెండు మూడు మెట్లు తెరవాలి: 11, 8, 5.6. ఒక్కో మెట్టుకీ వెలుతురు రెట్టింపవుతుంది. రోహిణి కార్తె ఎండ అనంతపురంలోనైనా అదే లెక్క. కొత్త డిజిటల్ కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, మీటరు చూడకుండా ముందు మనసులో లెక్కగట్టి, తర్వాత మీటరుతో పోల్చుకోవడం మొదలుపెడితే వెలుతురు కంటికి కొలతల్లో కనిపిస్తుంది. నేను ఎవరికైనా చెప్పే మొదటి అభ్యాసం ఇదే.

డిజిటల్ పుట్టింది కూడా కొడాక్‌లోనే. 1975 డిసెంబరులో స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు నాలుగు కిలోలకు దగ్గరగా తూగే పెట్టెతో తీసిన ఫొటోలో చుక్కలు పదివేలే. దాన్ని క్యాసెట్ మీదకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టింది. కంపెనీ రీళ్ల వ్యాపారం చూసుకుంటూ దాన్ని పక్కన పెట్టింది. 2012లో కోర్టులో దివాలా పిటిషన్ వేసింది. కొత్తవాళ్ల చేతికి డిజిటల్ ఎస్సెల్లార్ నిజంగా అందింది 2003లో, క్యానన్ 300డి వెయ్యి డాలర్ల లోపు ధరకి వచ్చినప్పుడు. దాని వెంటే పుట్టింది 18–55 లెన్సు. ఇవాళ బాడీతో పాటు ఇచ్చే కిట్ లెన్సులకి పెద్దన్న అదే.

డిజిటల్‌తో ఫొటోలు చౌకయ్యాయని అందరూ అంటారు. నాకు అంతకంటే పెద్దదనిపించేది వెంటనే చూసుకోగలగడం. విచిత్రమేమిటంటే, దీన్‌దయాళ్ తరానికి ఆ సౌకర్యం ఉంది. డేరాలో పలక కడిగిన నిమిషంలోనే బొమ్మ కుదిరిందో లేదో తెలిసిపోయేది, కుదరకపోతే ఇంకోటి తీసేవారు. దాన్ని తీసేసింది కొడాక్. వందేళ్ల పాటు కొత్తవాళ్లు వారాలు, నెలలు ఆగి, ఏ ఫొటో ఎలా తీశామో మరిచిపోయాక తప్పు చూసుకున్నారు. వెనక తెర వచ్చాక ఆ ఎదురుచూపు పోయింది. పైగా ప్రతి ఫొటోతో కంత, షట్టరు వేగం, ఐఎస్ఓ (రీలు వేగానికి ఇప్పటి పేరు) కెమెరాయే రాసిపెడుతుంది. పాతకాలపు విద్యార్థి జేబు పుస్తకంలో రాసుకున్నది ఇదే. చెడిపోయిన ఫొటోలు చెరిపేసే ముందు ఆ అంకెలు చూడండి. వణికినవన్నీ పదిహేనో వంతు దగ్గర తీసినవని తేలితే, నేర్చుకోవాల్సింది అక్కడుంది.

ఇవాళ్టి బ్రౌనీ ఫోనే. వెలుతురు, ఫోకస్, చివరికి వెనక మసక కూడా అదే చూసుకుంటుంది. నిలబడే చోటూ నొక్కే క్షణమూ మనవి. ఆ రెండింటి కోసమైతే వేరే కెమెరా కొనక్కర్లేదు. మిగతావి కూడా చేతిలోకి కావాలనుకుంటేనే కొనాలి. అలాంటప్పుడు కొత్త సరుకు అవసరం లేదు. కంపెనీలు చాలావరకు లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్లిపోవడంతో పాత డీఎస్సెల్లార్లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి, నికాన్ డి3000 వరసలోవి, క్యానన్‌లో 300డి తమ్ముళ్లు. 18–55 లోపలికీ బయటికీ మంచిదే గానీ, జూమ్ చేసిన కొద్దీ కంత 5.6 దాకా మూసుకుంటుంది. కల్యాణమండపంలో సాయంత్రం తాళికట్టు తీయాలంటే ఏడిపిస్తుంది. ఎఫ్1.8 లెన్స్ ఒకటి ఉంటే అక్కడ పది రెట్ల వెలుతురు దొరుకుతుంది. అందరూ 50 కొనమంటారు. అది బార్నాక్ గడికి సరిపోయిన కొలత. క్రాప్ సెన్సారు మీద 75, 80లా ఇరుకైపోతుంది, చిన్న హాల్లో వీపు గోడకి ఆనుతుంది. ఆ సెన్సారుకి 35 నయం.

కాకినాడ, విశాఖ వైపు పాత లెన్సు కొంటే ముందు రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి టార్చి కొట్టి, రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడులా సన్నని పోగులు కనిపిస్తే అది ఫంగస్, సముద్రపు తేమకి పడుతుంది. బాడీ మీద గీతలుంటే బేరమాడి తీసుకోవచ్చు. ఫంగస్ పట్టిన లెన్సుని ఎంతకిచ్చినా తీసుకోవద్దు. బాగున్నది దొరికితే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోండి, వాటిని అప్పుడప్పుడూ మార్చండి.