దుర్బీను కొనేముందు జర ఇను

ఇట్ల మంట దగ్గరికి జరుగు బిడ్డా, ఆ ఫోను జర పక్కకు పెట్టు. పొద్దటి సంది చూస్తున్న, గాలి తుపాకికి దుర్బీను కొనాలని బొమ్మలు తిప్పుడే తిప్పుడు. నాలుగు రెట్లదా, తొమ్మిది రెట్లదా, పదహారు రెట్లదా అని గుంజాటన పడుతున్నవు. కొందువు తియ్యి, వద్దన్నదెవరు? మొదలు నా ముచ్చట ఇను. తెల్లారేదాకా దుకాణం తెరవరు గద.

మా చిన్నప్పుడు గురి అంటే వడిసెలే. ఇప్పుడు విమానాలు దిగుతున్న ఈ శంషాబాదు చుట్టూ జొన్నచేండ్లు, ద్రాక్షతోటలు ఉండె. మంచె మీద నిలబడి వడిసెల తిప్పి రాయి ఇడిస్తే చిలకల గుంపు గుంపంత లేచేది. దానికి కడ్డీ లేదు, చుక్క లేదు, అద్దం లేదు. తప్పితే తప్పింది, రాయికి పైసలా?

తుపాకి మొదలు పట్టింది నుమాయిష్‌ల. నుమాయిష్ అంటే మన ఎగ్జిబిషన్, 1938ల పబ్లిక్ గార్డెన్స్‌ల మొదలైంది, 1946 నుంచి నాంపల్లికి మారింది. మేము ఉందానగర్ టేషన్ల మీటర్ గేజి బండెక్కి, కాచిగూడల దిగి నడిచిపోయేటోళ్లం. రిక్షా పైసలు మిగిలితే మిర్చి బజ్జీలు వస్తయి గద! ఆడ బుగ్గలు కొట్టే దుకాణాలు వరుసగ ఉండేటియి. పావలా ఇస్తే ఐదారు ఛర్రాలు చేతిల పోసేటోడు. ఆ తుపాకుల ముందటి మక్కీ, అంటే గురి చూసే కడ్డీ, ఎప్పుడూ వంకరే. తెల్వనోడు ఎర్రబుగ్గ నడుమకు గురిపెట్టి కొడితే ఛర్రా పోయి పక్క చెక్కల దిగేది. మా మేనమామ తీరు వేరు. మొదటి ఛర్రా బుగ్గలకు కొట్టకపోయేది. చెక్క మీద ఒక మొల చూసుకొని దానికి కొట్టేటోడు. మొలకు ఎడమకు రెండువేళ్ల దూరంల తగిలిందా, ఇగ ప్రతి బుగ్గకు కుడిపక్క రెండువేళ్లు జరిపి కొట్టుడే. మూడు బుగ్గలు పగిలేసరికి దుకాణపోడు మొఖం మాడ్చుకొని, “సాబ్, వేరే తుపాకి పట్టుండ్రి, ఇది ఖరాబున్నది” అనేటోడు.

కాలేజీల ఎన్‌సీసీల చేరినంక పాయింట్ టూటూ రైఫిలు చేతికిచ్చిండ్రు. దేశభక్తితోటి చేరిన అనుకునేవు, పరేడు అయినంక పెట్టే పూరీ ఆలుగడ్డ కూర కోసం చేరిన. 25 గజాల దూరంల అట్ట. ఎనుక గాడి, ముందట మక్కీ, అవతల గురి, మూడూ ఒక్క గీత మీదికి రావాలె. మరి కన్ను ఒకసారికి ఒక్క దూరాన్నే తేటగ చూస్తది. మూడింట్ల దేన్ని చూడాలె? మా జమాతుల ఒక పంతులు కొడుకు లేచి, “అర్జునుడు పిట్ట కన్నునే చూసిండు సార్” అన్నడు. ఉస్తాదు మీసం దువ్వుకుంట, “అర్జునుని విల్లుకు మక్కీ ఉండెనా బేటా? మక్కీని తేటగ చూడు, గురి మసకబారితే బారనీ” అన్నడు. ద్రోణాచార్యునికే ఎదురు చెప్పిండురా మా ఉస్తాదు! గని నిజమే చెప్పిండు. మక్కీ వెంట్రుకవాసి పక్కకు జరిగితే అవతల గురి జానెడు తప్పుతది.

నలభై దాటినంక మొదలైతది తిప్పలు. పేపరు చెయ్యంత దూరం జరిపి చదువుతం చూడు, గట్లనే మక్కీ కూడా మసకబారుతది. దానికి రెండు మందులున్నయి. ఎనుక గాడికి బదులు సన్న బొక్క పెట్టుడు ఒకటి. సన్న బొక్కల నుంచి చూస్తే దగ్గరిది, దూరందీ రెండూ తేటగ ఆనుతయి. నమ్మకుంటే కాయితానికి సూదితోటి పొడిచి చూడు. రెండోది నువ్వు కొంటనంటున్న దుర్బీను. దాంట్ల గీతలూ గురీ ఒక్కతాననే కనిపిస్తయి, కన్ను అటు ఇటు ఉరకే పని ఉండదు. దుర్బీను గొప్పతనం గదే. పెద్దగ చూపుడు దాని తర్వాతి సంగతి. దుకాణాలల్ల మాత్రం పెద్దగ చూపుడునే అమ్ముతరు.

గురి అంటే యాదికొచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరువడ్డ వేటగాడు. మన వనస్థలిపురం జింకల పార్కు, చిలుకూరు దగ్గరి మృగవని, అన్నీ ఒకప్పుడు నిజాముల వేటస్థలాలే. 1893ల ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదుకు వచ్చి పులివేట ఆడి పోయిండు. అంతటి వేటగాడు, ఆఖరికి 1914ల సరాయెవోల ఒక పోరడు చిన్న పిస్తోలుతోటి దగ్గర నుంచి కొడితే పోయిండు. దాంతోటి ప్రపంచ యుద్ధమే లేచింది... యాడికో పోయిన చూడు. మా బావమరిది ముచ్చట చెప్పాలె.

2005ల ఈడ విమానాశ్రయానికి పునాదిరాయి పడ్డది, 2008 మార్చిల విమానాలు ఎగిరినయి. వేలల్ల ఉన్న ఎకరం కోట్ల మాటల్ల పడ్డది. మా బావమరిదికి పైసలొచ్చినయి, పైసలెనుక షోకులొచ్చినయి. గాలి తుపాకి కొన్నడు. దాని మీదికి పెద్ద రైఫిలుకు పెట్టే దుర్బీను, మూరెడు పొడుగుది, తుపాకి కన్న ఎక్కువ ధరది తెచ్చి బిగించిండు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం! మొదటిరోజు ఊరంతా వచ్చి దాంట్ల నుంచి చూసింది. పది గజాల అవతల పెట్టిన అట్ట మసకమసక. ఎందుకు మసకకాదురా, పెద్ద తుపాకి దుర్బీన్లను నూరు గజాల దూరానికి సరిచేసి పంపుతరు. దగ్గరికి వస్తే బొమ్మ చెదురుతది, తల జర కదిలినా గీతలు గురి మీద నిలువయి. వారం పది రోజులకు లోపలి గీతలే పక్కకు వాలినయి. పెద్ద రైఫిలు ఎనుకకే తన్నుతది, దాని దుర్బీను ఆ ఒక్క దెబ్బకే తయారైతది. స్ప్రింగు గాలి తుపాకి మొదలు ఎనుకకు, మళ్ల వెంటనే ముందుకు గుంజుతది. దానికి తట్టుకునేటియి వేరే చేస్తరు. మా బావమరిది మాత్రం తుపాకినే తిట్టిండు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఇగ నీ పదహారు రెట్లు. కండ్లు పోయేంత కాటుక ఎందుకు నాయినా? రెట్లు పెరిగితే గురితోటి నీ చెయ్యి వణుకుడు కూడా అన్నే రెట్లు పెరుగుతది, గీతలు చెరువు నీళ్లల్ల చందమామ లెక్క ఊగుతయి. వెలుతురు లెక్క ఇంకొకటున్నది. ముందటి అద్దం 40 మిల్లీమీటర్లు, రెట్లు తొమ్మిది అనుకో, భాగిస్తే కంటికి వచ్చే వెలుగు చుక్క వెడల్పు దగ్గరదగ్గర నాలుగున్నర మిల్లీమీటర్లు. అదే అద్దానికి నాలుగు రెట్లే పెడితే పది. మాపటికి మసక చీకట్ల ఏది తేటగ కనబడుతదో నువ్వే చెప్పు, లెక్కలల్ల నూటికి నూరు తెచ్చుకుంటివి గద.

మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ల కంచు పతకం తెచ్చిండు, యాదున్నదా? పది మీటర్ల ఎయిర్ రైఫిల్, 701.1 స్కోరు. ఆ పోటీల పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే. అయినా దుర్బీను పెట్టనియ్యరు. ఎనుక సన్న బొక్క, ముందట సన్న రింగు, గంతే. అంతకుముందు 2008 బీజింగ్‌ల అభినవ్ బింద్రా బంగారం కొట్టే రోజు, ఫైనల్‌కు ముందు పరీక్షకు కొట్టిన దెబ్బ నాలుగు మార్కుల దగ్గర పడ్డది. సైటు కదిలిపోయింది. గాభరా పడక, మిగిలిన పరీక్ష దెబ్బలల్లనే సైటు తిప్పి సరిచేసుకున్నడు. మా మేనమామ మొల కొట్టి చేసిన పని గూడా అదే, పతకమొక్కటే తక్కువ.

అద్దాలంటే సీమవే అనుకునేవు. మన తెలుగోళ్ల దగ్గర బందరుల 1926లనే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పెట్టి బడులకు, కాలేజీలకు సైన్సు సామాను చేసిండ్రు. 1983ల దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకున్నది. ఇప్పుడు ఆడ సిపాయిలకు రాత్రిపూట చూసే దుర్బీన్లు చేస్తరు.

సరే, నీ సంగతి. మన పెరట్ల గోడకు పదిహేను గజాలు దాటదు. నాలుగు రెట్లది, దగ్గర దూరానికి సరిచేసుకునేటిది, స్ప్రింగు తుపాకి కోసమే చేసినది చాలు. పిట్టల జోలికి పోయేవు, 1972 చట్టం ఊకోదు, మీ నాయినమ్మ అసలే ఊకోదు. అట్టకు కొట్టు. ముందు ఐదు దెబ్బలు ఒక్కతాన పడేదాకా దుర్బీను మర తిప్పకు. పొద్దున దుకాణానికి నేనూ వస్త, తుపాకిని సంచిల పెట్టి పట్టుకో. బేరం కాడ మాత్రం నోరు మెదపకు, నీ మొఖం చూస్తేనే వాడు వెయ్యి పెంచుతడు.