దారంలోకి దిగిన విమానం

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాని పొరుగున ఉన్న తొండుపల్లిలో ఇవాళ్టి పిల్లలకు విమానమంటే ఆర్టీసీ బస్సు ఎంతో అంతే. తలెత్తి చూసేవాళ్లే తక్కువ. మన తాతముత్తాతలకు అలా కాదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తపాలా విమానం నడిపారు. ఆ తపాలా అక్కడి నుంచి బళ్ళారి మీదుగా మద్రాసు చేరింది. అప్పటి జనానికి విమానం ఒక వింత, ఒక వార్త. ఇంచుమించు ఆ రోజుల్లోనే చీరాల నేతగాళ్లు దాన్ని నూలు పోగుల్లోకి దించారు. 1930ల నాటి తేలియా రుమాళ్ల మీద పాత గళ్లు, వజ్రాలు, చుక్కల సరసన విమానాలు, గడియారాలు, గ్రామఫోన్లు కనిపిస్తాయి. సింహాలు, ఏనుగులు, పక్షులు సరేసరి.

ఆ రుమాలు విమానం మీద నాకు చాలా మక్కువ. కళాకారుణ్ని ఎవరు కలిసినా మొదట అడిగేది, ఈ ఆలోచన నీకు ఎక్కడి నుంచి వచ్చిందని. ప్రకృతి నుంచో, గుడి గోపురం నుంచో, అమ్మమ్మ ముగ్గు నుంచో వచ్చిందని జవాబు వస్తుంది. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం దారంలో ఉంది. నూలుకే ముందు కట్లు కట్టి రంగులద్ది నేసే చిటికి నేతలో బొమ్మ నేతగాడి కంట్లో పుట్టినా, దారం ఒప్పుకుంటేనే గుడ్డ మీదికి వస్తుంది. దారం దేనికి ఒప్పుకుంటుంది, దేనికి ఒప్పుకోదు అన్నది తెలిస్తే ఆ విమానం ఎలా పుట్టిందో సగం అర్థమైనట్టే.

ముందు రుమాలు సంగతి. తేలియా రుమాలు నలుచదరం గుడ్డ. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. నాలుగో రంగు ఉండదు. చీరాలలో నేసిన ఈ గుడ్డలు ఓడలెక్కి అరబ్ దేశాలకు వెళ్లేవి. అక్కడి మగవాళ్లు ఎండకూ దుమ్ముకూ తలకు చుట్టుకునేవారు. బొంబాయి తీరంలో కోలీ జాలర్లు నడుముకు కట్టుకునేవారు. నిజాం కాలంలో హైదరాబాద్ గొప్పింటి ఆడవాళ్లు ఓణీలుగా వేసుకున్నారు. ఎడారికీ సముద్రానికీ అంతఃపురానికీ ఒకే గుడ్డ సరిపోయిందంటే కారణం అందులోని నూనె.

నేయడానికి ముందే నూలు చిలపలను నూనెలో, బూడిద నీళ్లలో పిసుకుతారు. ఆ బూడిద ఆముదపు కాయల పొట్టును ఎండబెట్టి కాల్చగా వచ్చింది. దాన్ని నీళ్లలో కలిపి తేర్చితే మంచి క్షారం. నూలును నానబెట్టడం, పిసకడం, పిండడం, ఎండలో ఆరేయడం, మర్నాడు మళ్లీ మొదటి నుంచి. రెండు వారాలకు పైగా ఇదే పని. చూసేవాళ్లకు ఇది చాదస్తంగా అనిపించవచ్చు. నిజానికి పత్తి నారకు ఎర్రరంగు అంత తేలిగ్గా పట్టదు. నూనెలోని కొవ్వు ఆమ్లాలు క్షారంతో కలిసి నారను అంటిపెట్టుకుంటాయి. తర్వాత పటిక పెట్టినప్పుడు అందులోని అల్యూమినియం వాటిని పట్టుకుంటుంది. ఎర్రరంగు పదార్థమైన అలిజరిన్ వచ్చి ఆ అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. ఈ మూడు ముళ్లు పడ్డాక ఆ ఎరుపు ఎండకూ ఉతుక్కూ లొంగదు. పటిక బదులు ఇనుము తగిలితే అదే అలిజరిన్ నల్లబడుతుంది. ఒకే రంగు పదార్థం నుంచి ఎరుపూ నలుపూ రెండూ వస్తాయి. నూలు సొంత తెలుపు ఎలాగూ ఉంది. రుమాలు రంగులు మూడు దగ్గర ఆగడం వెనక కథ ఇదే.

మన తీరంలో పాత రోజుల్లో ఈ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది కాలానికే అది డబ్బాల్లో అంగళ్లకొచ్చింది. చిరివేరు సాగు కుంగిపోయింది. నేతగాళ్లు రంగు మార్చుకున్నారు గానీ నూనె పని మానలేదు. కొత్త రంగుకు కూడా ఆ నూనే కావాలి మరి. మనవాళ్లు కొత్తదాన్ని అందుకునే తీరు ఇందులో తెలుస్తుంది. పనికొచ్చే చోట కొత్తది తీసుకున్నారు, పనిచేస్తున్న పాతదాన్ని పారేయలేదు. విమానాన్ని రుమాల్లోకి తెచ్చిందీ ఈ బుద్ధే.

ఇక బొమ్మ దగ్గరికి వద్దాం. ఆ పని ఇప్పుడు చూడాలంటే పుట్టపాక వెళ్లాలి. తొండుపల్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట దాకా వెళ్లి, విజయవాడ హైవే పట్టుకుని చౌటుప్పల్ చేరితే అక్కడికి పుట్టపాక దగ్గరే. యాదాద్రి భువనగిరి జిల్లా, సంస్థాన్ నారాయణపురం మండలం. చీరాల విద్య 20వ శతాబ్దం తొలి పాదంలో ఒకప్పటి నల్లగొండ జిల్లాలోని ఈ పల్లెలకు చేరింది. చీరాలలో తేలియా పని సన్నగిల్లాక దాన్ని నిలబెట్టింది పుట్టపాకే. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

మామూలు అద్దకంలో గుడ్డ ముందు, బొమ్మ తర్వాత. చిటికిలో బొమ్మ ముందు, గుడ్డ తర్వాత. నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. నేయబోయే గుడ్డలో ఏ పోగు ఏ చోట ఎర్రగా ఉండాలో, ఏ చోట తెల్లగా ఉండాలో మగ్గం ఎక్కకముందే లెక్కగట్టాలి. పేక దారాన్ని ఆసు మీద పోస్తారు. ఆసు అంటే ఒక చివర ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉన్న చట్రం. దారం ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు పోతూ వస్తూ ఉంటుంది. పోయడం అయ్యాక పోగులు గుత్తులుగా ఏర్పడతాయి. వాటి మీద గుర్తులు పెట్టి, రంగు తగలకూడని చోట బిగించి కట్టాలి. ఇప్పుడు ఆ కట్లకు సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు వాడుతున్నారు. తెలుపు ఉండాల్సిన చోట కట్టి ఎరుపులో ముంచుతారు. తర్వాత ఎరుపు మిగలాల్సిన చోట కట్టి నలుపులో ముంచుతారు. విప్పితే పోగుల మీద మచ్చలు మచ్చలుగా మూడు రంగులు. అప్పటికి అందులో బొమ్మ ఎవరికీ కనపడదు. కట్టినవాళ్లకు తప్ప.

తేలియా రుమాలుకు పడుగునూ ఇలాగే కట్టాలి, పేకనూ ఇలాగే కట్టాలి. ఎర్ర పడుగు మీద ఎర్ర పేక పడితేనే నిండు ఎరుపు. ఎర్ర పడుగు మీద తెల్ల పేక పడితే వెలిసిన రంగు వస్తుంది. అందుకే గుంటమగ్గంలో కూర్చున్న మనిషి నాడె విసిరిన ప్రతిసారీ పేకను చేత్తో అటో ఇటో సర్దుతాడు. రెండు వైపులా ఇలా కట్టి నేసే పని ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే ఉంది. గుజరాత్‌లో పటాన్ పటోలా, బాలి ద్వీపంలో తెంగనాన్ ఊరి గెరింగ్‌సింగ్, జపాన్‌లో కొన్ని కసూరి గుడ్డలు, మన తేలియా.

ఈ పద్ధతిలో వంపు అన్నది లేదు. గుత్తి కన్నా సన్నగా గీత రాదు. ఏ బొమ్మనైనా మెట్లుగా విరవాల్సిందే. దారం మడతలు పడి పోతుంది కాబట్టి బొమ్మ ఎదురెదురుగా, జంటలుగా, వరసలుగా వస్తే నేతగాడికి సులువు. ఇప్పుడు విమానాన్ని తలుచుకోండి. ఒంటి మీదుగా ఒక నిలువు గీత, రెక్కల మీదుగా ఒక అడ్డగీత, తోక దగ్గర చిన్న అడ్డగీత. కుడి ఎడమలు సమానం. చీరాల నేతగాడి చేతుల్లో ఎప్పటి నుంచో ఉన్న కూడిక గుర్తు, వజ్రం, మెట్ల గడి కలిపితే విమానం వచ్చేస్తుంది. గడియారం అంటే చదరంలో మెట్లుగా విరిచిన ఒక గుండ్రం. నాకు అనిపించేది ఇది: ఆ మనిషి ఆకాశంలో చూసింది కొత్త వస్తువునే గానీ, గుర్తుపట్టింది తన పాత గడిని. చూడగానే దాని పోగుల లెక్క బుర్రలో తిరిగి ఉంటుంది. రైలింజన్‌ను ఇంత సులువుగా దించలేం. పక్క నుంచి చూస్తే దానికి కుడి ఎడమలు కుదరవు, చక్రాలు చూస్తే అన్నీ వంపులే. సింహం మరీ కష్టం. అయినా సింహాన్ని తెచ్చారు, మెట్లు మెట్లుగా, చతురస్రపు జూలుతో. ఆ సింహాల్లో ఉన్న ఠీవి, నున్నగా గీసిన బొమ్మల్లో నాకు ఎప్పుడూ కనపడలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక అరబ్ బేరాలు తగ్గాయి. కమలాదేవి ఛటోపాధ్యాయ నడిపిన అఖిల భారత హస్తకళల బోర్డు ఈ నేతను పట్టించుకుంది. 1956 నుంచి వీవర్స్ సర్వీస్ సెంటర్లు వచ్చాయి. చిత్రకారులూ నేతగాళ్లూ ఒకే గదిలో పనిచేసే ఏర్పాటు అది. దానివల్ల మేలెంత, హాని ఎంత అన్న చర్చ ఉంది. నా మటుకు నాకు మేలే ఎక్కువనిపిస్తుంది. రుమాలు నలుచదరం దాటి చీరగా, ఓణీగా సాగడానికి అలాంటి మాటామంతీ అవసరమైంది. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన ఈ మార్పుకు పెద్దదిక్కు. సహజ రంగులతో, పాత నూనె పనితో తేలియాను మళ్లీ నిలబెట్టారు. 2011లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2013లో గజం అంజయ్యకూ వచ్చింది. చదరాన్ని చీరగా మార్చడం పొడుగు పెంచినంత తేలిక కాదు. రుమాల్లో నాలుగు అంచులూ సమానమే. చీరకు కొంగు ఉంది, కుచ్చిళ్లు ఉన్నాయి, ఒంటికి చుట్టినప్పుడు బొమ్మ ఎక్కడ మడత పడుతుందన్న లెక్క ఉంది. పడుగు కట్టు, పేక కట్టు రెండూ ఐదున్నర మీటర్లకు కొత్తగా లెక్కగట్టుకోవాలి.

ఈ లెక్కల వెనక ఒక చెయ్యి ఉంది. ఆసు పోసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లు. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేతిని ఆ మేకు నుంచి ఈ మేకుకు ఆడించాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలు పోస్తే 18,000 సార్లు. భుజం పోతుంది, మోచెయ్యి పోతుంది, కళ్లు లాగుతాయి. కొత్త బొమ్మల గురించి రాసేవాళ్లలో ఈ భుజం గురించి రాసినవాళ్లు చాలా తక్కువ. నాకది బాధగానే ఉంటుంది. బొమ్మ ఎంత చిక్కగా ఉంటే ఆ చేతికి అంత పని. ఏ ఊళ్లోనైనా బొమ్మ ఎంత దూరం ఎదగగలదన్నది చివరికి ఆ భుజమే తేలుస్తుంది.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆ పనే చేసేది. ఇక తన వల్ల కాదని ఆమె అంటుంటే విన్న కొడుకు, 1992లో ఆసు పోసే యంత్రం చేయడానికి కూర్చున్నాడు. బడి చదువు మధ్యలో ఆగిపోయిన మనిషి. ఇంజనీరింగ్ పుస్తకాలు లేవు. కొయ్యతో ఒక భాగం చేయడం, అది ఆడితే ఇంకో భాగం మొదలుపెట్టడం, అంతే. తల్లి చేతి కదలికను కళ్లతో ముక్కలు చేసుకున్నాడు. దారం ముందుకు పోవడం ఒకటి, వెనక్కు రావడం ఒకటి, మేకు చుట్టూ తిరగడం ఒకటి, పక్క మేకుకు జరగడం ఒకటి. కొన్ని కుదిరాయి. ఒక్క కదలిక మాత్రం ఏళ్ల తరబడి కుదరలేదు. అప్పులయ్యాయి. ఊళ్లో చెవులు కొరుక్కున్నారు. పొట్టకూటికి హైదరాబాద్ చేరాడు. 1999లో బాలానగర్‌లో ఒక చోట పనిచేస్తుండగా అక్కడి యంత్రం ఒకటి తను వెతుకుతున్న తీరులోనే కదలడం చూశాడు. ఆ రోజే పని ఆపి, ఆ భాగాన్ని చేయించుకుని ఊరికి తీసుకెళ్లి బిగించాడు. యంత్రం ఆడింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో మల్లేశంకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగానూ వచ్చింది.

ఈ ఆసు యంత్రాన్ని యంత్రాల ఖాతాలో వేసి, రుమాలు విమానాన్ని కళ ఖాతాలో వేస్తుంటారు. నేను వేయలేను. చీరాల నేతగాడు ఆకాశంలో కొత్తదాన్ని చూసి అందులో తన గడిని పోల్చుకున్నాడు. మల్లేశం బాలానగర్‌లో కొత్త యంత్రాన్ని చూసి అందులో తన తల్లి చేతిని పోల్చుకున్నాడు. ఇద్దరికీ ముందు దారం క్షుణ్ణంగా తెలుసు, చూపు తర్వాత దొరికింది. దారం తెలియని కన్ను ఆ రెండింటినీ వెయ్యిసార్లు చూసినా ఏమీ పుట్టి ఉండేది కాదు.

ఇప్పుడు చాలాచోట్ల గ్రాఫు కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది. ఎంత చిక్కటి బొమ్మనైనా తెర మీద నిమిషాల్లో మెట్లుగా విరవచ్చు. కట్లు మాత్రం చేత్తోనే కట్టాలి. అదే తెర మీది బొమ్మను తీసుకుని మిల్లు గుడ్డ మీద అచ్చేసి పోచంపల్లి అని, తేలియా అని అమ్మేవాళ్లూ ఉన్నారు. కొనేముందు గుడ్డను తిరగేసి చూడండి. అచ్చు వేసిన గుడ్డకు వెనకవైపు రంగు వెలవెలబోతూ ఉంటుంది. చిటికి గుడ్డకు ముందూ వెనకా ఒకటే. బొమ్మ అంచులు కత్తితో కోసినట్టు ఉంటే అనుమానించండి. కట్టు కింద రంగు కొంచెం పాకుతుంది కాబట్టి అసలు చిటికి అంచు కొద్దిగా చెదిరి ఉంటుంది. గుడ్డ పక్క అంచున దారాలు అక్కడక్కడా చిన్న మడతలుగా బయటికి వస్తే, పేకను లాగి బొమ్మకు బొమ్మ కలిపిన చోట్లు అవి. ధర ఎక్కువని వెనక్కి పెట్టేముందు, ఆసు చేత్తో పోశారా యంత్రం మీద పోశారా, ఎన్ని రోజులు కట్టారు అని అమ్మేవాళ్లని అడగండి. నేతగాళ్ల దగ్గర నేరుగా కొంటే ఆ ప్రశ్నలకు జవాబు అక్కడికక్కడే దొరుకుతుంది.