వీరుల కొలువులో విదూషకులు

గడచిన వేసవిలో మేము నలుగురు మిత్రులము వరుసగా కొన్ని ఆదివారములు ఒకచోట కూర్చుండి, 1987లో అమెరికాలో ఆరంభమయిన ఒక బొమ్మల కథల పత్రికను మొదటినుండి మరల చదివితిమి. దాని పేరు ‘జస్టిస్ లీగ్ ఇంటర్నేషనల్’. నడివయస్సు వచ్చిన ఉద్యోగస్థులు నలుగురు రంగుల బొమ్మల పుస్తకములు ముందు వేసికొని పకపక నవ్వుచుండగా, ఆ యింటి పిల్లలు తలుపు సందునుండి మమ్ము వింతగా చూచిరి. మా చదువుకొను దినములలో ఈ సంచికలు హైదరాబాదు ఆబిడ్స్ కాలిబాటలమీది ఆదివారపు పాతపుస్తకముల దుకాణములలో మాకు దొరకెడివి. వరుస లేదు, కొన్నిటికి అట్టలును లేవు. అయిదవ సంచిక చదివిన రెండేండ్లకు గాని నాలుగవది మా చేతికి రాలేదు. ఇప్పుడు సంపుటములుగా అచ్చయినందున మొదటిసారి వరుసగా చదువ గలిగితిమి. అట్లు చదివిన మీదట మాకు తోచిన దేమనగా, ఆ పత్రికలోని హాస్యము సమృద్ధిలోనుండి పుట్టినది కాదు, లేమిలోనుండి పుట్టినది.

కథకు ముందు కొంత కథ చెప్పవలెను. 1960లో డి.సి. కామిక్స్ సంస్థ తన మహావీరులను ఒక్క కూటమిగా చేర్చి ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ను పాఠకుల ముందు నిలిపినది. రచయిత గార్డ్‌నర్ ఫాక్స్, చిత్రకారుడు మైక్ సెకౌస్కీ. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్, వండర్ ఉమన్ మొదలయిన వారితో నిండిన ఆ కొలువు దిక్పాలకుల సభవలె ఉండెడిది. అందఱును బలవంతులే, అందఱును గంభీరులే. మాటలాడుచున్నది ఎవరో బొమ్మ చూడక చెప్పుట కష్టము. కాలక్రమమున ఆ పెద్దలు తొలగిరి. 1984లో లీగు డెట్రాయిట్ నగరమునకు నివాసము మార్చెను. క్రొత్త యువకులు కొందఱు చేరిరి. అయినను పత్రిక నిలదొక్కుకొనలేదు. 1987 ఏప్రిల్ నాటి 261వ సంచికతో అది ఆగిపోయినది. ఆ చివరి సంచికలలో యువకులిద్దఱు శత్రువుల చేతిలో మరణించిరి. ఆ మరణములను వ్రాసినవాడు జె.ఎమ్. డిమాటిస్. ఈ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఆ కాలము వీరగాథలకు చీకటి కాలము. 1986లో ఫ్రాంక్ మిల్లర్ ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’లో ముసలివాడయి, కసి నిండిన బ్యాట్‌మాన్‌ను చూపెను. 1986, 87 సంవత్సరములలో ఆలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ కలసి ‘వాచ్‌మెన్’ను పన్నెండు సంచికలుగా వెలువరించిరి. వీరుడనెడివాడు నిజముగా ఉన్నచో వాడు పిచ్చివాడో, క్రూరుడో, ఓడిపోయినవాడో అయి ఉండునని ఆ గ్రంథము యొక్క వాదము. రెండును గొప్ప రచనలే. వాటి గొప్పతనము మాకును తెలియును. కాని వాటి వెనుక వచ్చిన అనుకరణములు ఎన్ని! ముఖము చిట్లించుకొనని వీరుడు ఆ దినములలో వీరుడే కాడనిపించెను.

ఇట్టి సమయమున సంపాదకుడు ఆండీ హెల్ఫర్, కథకుడు కీత్ గిఫెన్ లీగును మరల నిలబెట్ట బూనుకొనిరి. కాని చేతికి వీరులు దొరకుట లేదు. 1985, 86లో వచ్చిన ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ అను ప్రళయకథ తరువాత సంస్థ తన ప్రధాన పాత్రల కథలను మొదటినుండి మరల వ్రాయించుచుండెను. సూపర్‌మాన్ జాన్ బర్న్ చేతిలోను, వండర్ ఉమన్ జార్జ్ పెరెజ్ చేతిలోను ఉండిరి. వారి వాకిట ఇతరులకు ప్రవేశము లేదు. మహావీరులలో బ్యాట్‌మాన్ ఒక్కడు మాత్రము దక్కెను. తక్కినవారు మిగిలిన పంక్తివారు. పెళ్లికి పెద్దలెవరును రాకపోగా వీధిలోని వారిని పిలిచి పీటలమీద కూర్చుండబెట్టినట్లయినది.

ఆ మిగిలినవారెవరు? గై గార్డ్‌నర్, గ్రీన్ లాంటర్న్ దళమువాడు, నోరు పారవేసికొనుటయే వాని విద్య. అంగారకుడు జాన్ జోంజ్, 1960 నాటి సభ్యులలో ఒకడు. బూస్టర్ గోల్డ్, 1986లో డాన్ జర్గెన్స్ సృష్టించిన పాత్ర. 25వ శతాబ్దమునుండి వస్తుప్రదర్శనశాలలోని పరికరములు దొంగిలించుకొని, కీర్తికొఱకు మన కాలమునకు పాఱివచ్చిన ఆటగాడు. వీరందఱి నడుమ బ్లూ బీటిల్, అసలు పేరు టెడ్ కోర్డ్. ఇతనికి ఏ దివ్యశక్తియు లేదు. తెలివిగల యంత్రశిల్పి, కొంచెము వాచాలుడు.

ఈ బీటిల్ విషయమున కొంత ఆగవలసి యున్నది. 1966లో స్టీవ్ డిట్కో ఇతనిని చార్ల్‌టన్ అను చిన్న సంస్థకొఱకు సృష్టించెను. 1983లో ఆ సంస్థ పాత్రలు డి.సి. వశమయినవి. ఆలన్ మూర్ ‘వాచ్‌మెన్’ను మొదట ఈ చార్ల్‌టన్ పాత్రలతోనే వ్రాయదలచెను. అట్లు చేసిన పాత్రలు మరల పనికిరాకుండ పోవునని సంస్థవారు ఒప్పుకొనకపోగా, వానికి మాఱుగా క్రొత్తవానిని కల్పించెను. అందు బీటిల్‌కు మాఱుగా వచ్చినవాడు నైట్ ఔల్: పొట్ట పెరిగి, ధైర్యము సడలి, నేలమాళిగలో తన పాత వేషమును చూచుకొనుచు దిగులుపడు మనుష్యుడు. ఒకే సంస్థ అచ్చువేయు పుటలలో, ఒకే సంవత్సరమున, నీడ దుఃఖించుచుండగా అసలువాడు నవ్వుచుండెను! ఆ దినములలో పాత పుస్తకముల గుట్టలలో ఈ రెండింటిని ప్రక్కప్రక్కన చూచియు మేము ఈ సంబంధమును గుర్తింపలేదు.

1987 మే నాటి మొదటి సంచిక ముఖచిత్రము ప్రసిద్ధము. వీరులందఱు గుంపుగా నిలిచి తలలెత్తి మనవైపు చూచుచుందురు. ముందు గై గార్డ్‌నర్ కయ్యమునకు కాలు దువ్వుచుండును. దానిని అనుకరించిన ముఖచిత్రములకు లెక్క లేదు. చిత్రకారుడు కెవిన్ మాగ్వైర్ అప్పటికి క్రొత్తవాడు. కండలు గీయువారు ఆ వృత్తిలో కొల్లలు. ముఖములు గీయువారు అరుదు. మాగ్వైర్ కనుబొమ ఎత్తుటను, పెదవి విఱుపును, నవ్వు ఆపుకొనుటను గీయ నేర్చినవాడు. గిఫెన్ కథను చిన్న చిన్న బొమ్మలుగా విభజించి, ముతక సంభాషణలతో పంపును; డిమాటిస్ ఆ సంభాషణలను తన చిత్తము వచ్చినట్లు తిరుగ వ్రాయును. ఆంధ్రదేశమునకు చిరపరిచితుడైన మెహెర్ బాబాను గురువుగా భావించు ఈ డిమాటిస్, అదే 1987లో వేఱొక సంస్థకొఱకు స్పైడర్‌మాన్‌ను సజీవముగా పాతిపెట్టు భయంకరకథను గూడ వ్రాసెను. హాస్యము చేతగాక విషాదము వ్రాయువారు పెక్కుమంది. రెండును ఒక్క చేతితో వ్రాసినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

మొదటి సంచికలు మఱీ నవ్వు పుట్టించునవి కావు. ఐక్యరాజ్యసమితి భవనమును తుపాకులవారు ముట్టడించుటతో కథ ఆరంభమగును. అయిదవ సంచికలో గై గార్డ్‌నర్ తన ఉంగరమును తీసివేసి బ్యాట్‌మాన్‌ను ద్వంద్వయుద్ధమునకు పిలుచును. బ్యాట్‌మాన్ ఒక్క గ్రుద్దుతో నేల కూల్చును. అంతే యుద్ధము. దానిని చూచి బీటిల్ పొట్ట చేత పట్టుకొని నవ్వును. పాఠకులు మఱచిపోనిది ఆ గ్రుద్దు. మాకు నచ్చినది ఆ నవ్వు. ఏడవ సంచికనుండి పత్రిక పేరున ‘ఇంటర్నేషనల్’ చేరినది; లీగునకు దేశదేశములలో రాయబార కార్యాలయములు వెలసినవి; అమెరికా, సోవియట్ ప్రభుత్వములు తమ తమ మనుష్యులను సభ్యులుగా చేర్చినవి. ఎనిమిదవ సంచికలోని ప్రధాన కథ క్రొత్త యిండ్లలోనికి సామానులు మార్చుటయే! లోకరక్షకులు బల్లలు మోయుదురు, విసుగుకొందురు, ఒకరినొకరు ఎగతాళి చేసికొందురు. అక్కడినుండియే బీటిల్ యొక్క ‘బ్వా-హా-హా’ అను నవ్వు ప్రసిద్ధి కెక్కి, ఆ కాలమంతటికి మాఱుపేరయినది.

శృంగారమునుండి హాస్యమును, వీరమునుండి అద్భుతమును పుట్టునని భరతుడు చెప్పెను. వీరమునుండి హాస్యము పుట్టుటకు ఒక మార్గమున్నది: వీరుని ఇంటికి పంపుట. యుద్ధము లేనినాడు వీరుడేమి చేయునని అడిగిన తక్షణమే నవ్వు మొదలగును. మన ‘మాయాబజార్’ చలనచిత్రము 1957లో చేసినదియు ఇదియే గదా. పాండవుల కథ నుండి యుద్ధమును తీసి పెళ్లింటి సందడి పెట్టినారు.

అంతయు మెచ్చుకొనదగినదని మేము చెప్పుట లేదు. నలుగురిలో ఉపన్యాసకురాలయిన మిత్రురాలు, బూస్టర్, బీటిల్ స్త్రీలను చూచు చూపులపై అల్లిన హాస్యము నేడు చదువుటకు ఇబ్బందిగా నున్నదనెను; మాకును అట్లే తోచినది. పరదేశీయుల యాసపై నవ్వు చౌకబారుది. ఒక జోక్యము ఫలించినదని దానినే పదిసార్లు వాడిరి. 1990లో అంటార్కిటికా శాఖ పెట్టి, పనికిరాని వీరులనందఱిని పెంగ్విన్ పక్షుల నడుమ విడిచిన కథకు మాత్రము ఆ మిత్రురాలు గూడ కన్నీరు వచ్చునట్లు నవ్వెను. 1992లో గిఫెన్, డిమాటిస్ ఇద్దఱును పత్రికను విడిచిరి.

తరువాతి చరిత్రయే మా గోష్ఠిలో వివాదమునకు కారణమయినది. 1994లో ఆ బృందములోని ఐస్ అను సాధుస్వభావురాలు చంపబడెను. 2003లో పాత రచయితలు, మాగ్వైర్ మరల కలసి ఆఱు సంచికల హాస్యకథ వ్రాయగా, మఱుసటి సంవత్సరము దానికి ఐస్నర్ పురస్కారము లభించెను. కాని అదే 2004లో వేఱొక రచయిత కథలో, ఆ బృందమునకు ఆత్మీయురాలయిన సూ డిబ్నీ హత్యకు గురియయ్యెను. 2005లో ఒక్క డాలరు వెలతో అమ్మిన 80 పుటల సంచికలో టెడ్ కోర్డ్ వంతు వచ్చెను. అతడు ఒక కుట్రను పసిగట్టి మిత్రుల యిండ్లు తిరుగును. ఎవ్వరును వాని మాట శ్రద్ధగా వినరు. ఎల్లప్పుడు నవ్వించువాని మాట ఎవరు నమ్ముదురు? చివరకు ఒంటరిగా పోయి, కుట్రకు మూలము తమ లీగును నిలిపిన మాక్స్‌వెల్ లార్డే అని తెలిసికొనును. తనతో చేరుమని లార్డ్ కోరగా నిరాకరించి, తుపాకి గుండునకు బలియగును. విచిత్రమేమనగా, గిఫెన్, డిమాటిస్ వ్రాసిన మఱియొక హాస్యకథ అదే 2005లో వేఱొక పత్రికలో వెలువడుచుండెను. అందు బీటిల్ యథాప్రకారము నవ్వుచునే యుండెను.

మాలో పెద్దవాడయిన మిత్రుడు ఆ 80 పుటల సంచికను చేత పట్టుటకే ఒప్పుకొనలేదు. నవ్వును పెంచినవారు వేఱు, దానిని చంపి బరువు తెచ్చుకొన్నవారు వేఱని ఆయన కోపము. ఉపన్యాసకురాలు అందుకు సమ్మతింపలేదు. పాత సంచికలలో వాని మాట ఎవ్వరును పెడచెవిని పెట్టని రోజు ఒక్కటి చూపుమని ఆమె అడిగినది. మేము వెదకితిమి. మొదటి సంపుటమును పుట పుటయు తిరుగవేసితిమి. పరిహాసముల నడుమ బీటిల్ చెప్పిన తెలివిగల మాటలు పెక్కు కనబడినవి. వానికి తలయూచినవారు మాకు కనబడలేదు. ఈ దృష్టితో మేము ఆ కథలను మునుపెన్నడు చదివి యుండలేదు. అయినను చంపుట న్యాయమని మేము అనజాలము. ఆ లోపమును చూపుటకు మరణము అక్కఱలేదు.

2016లో గిఫెన్, స్కాట్ కోలిన్స్‌తో కలసి ‘బ్లూ బీటిల్’ పత్రికను నడపినప్పుడు, టెడ్ కోర్డ్ సజీవుడయి, జైమే రేయెస్ అను యువకునికి దారి చూపు పెద్దవానిగా అందు కనబడెను. 2023 అక్టోబరులో గిఫెన్ కన్నుమూసెను. ఈ సంగతి చెప్పి, ఆ 2016 నాటి సంపుటమును మా పెద్ద మిత్రుని చేతిలో పెట్టితిమి. వద్దు వద్దనుచునే సంచిలో వేసికొని పోయెను. ఇంతవఱకు తిరిగి ఈయలేదు.