పాదచ్ఛేదనానంతర జీవితము

1922 జనవరిలో టొరాంటో నగరపు వైద్యశాలయందు, పదునాలుగేండ్ల లియొనార్డ్ థాంప్సన్ అను బాలునకు ఇన్సులినును తొలిసారి సూదిద్వారా ఎక్కించిన నాటినుండి, మధుమేహము అకాలమరణమునకు మారుపేరని వగచుచుండిన లోకమునకు గొప్ప ఊరట కలిగెను. ఐనను, రోగులు స్పృహదప్పి గతించుట తగ్గిన ఆ కాలముననే, ఔషధప్రభావమున అనేక వత్సరములు అధికముగా జీవింపగల్గినవారి పాదములయందు వేరొక ప్రమాదము పెరుగుచుండెను.

బోస్టను నగరమున తన సుదీర్ఘజీవితమును మధుమేహచికిత్సకే ధారవోసిన ఎలియట్ జోస్లిన్ వైద్యుడు 1934లో ప్రకటించిన యొక వ్యాసమున ఈ విపరీతమును విశదపరచెను: స్పృహలేమివలని మరణములు అత్యల్పమయ్యెను గాని, కాలు నల్లబడి కుళ్లి మరణించువారి సంఖ్య పెరిగెను. ఇది తప్పింపరాని విధివిలాసమని ఆయన అంగీకరింపలేదు. పాదములను దినదినము కడిగి, పరీక్షించి, చిన్నగాయమునైనను ఉపేక్షింపకుండ రోగులకు నేర్పుటయు వైద్యధర్మమేయని పట్టుబట్టెను.

సూక్ష్మజీవినాశకౌషధములు లేని ఆ రోజులలో, కుళ్లు పైకి ప్రాకునను భయముచేత, వ్రేలికి పుట్టిన గాయమునకు మోకాలిపైన కోయుట సామాన్యము. పెనిసిలిను వచ్చినపిమ్మట కత్తి క్రిందికి దిగెను. 1949లో అదే బోస్టనునందు లీలండ్ మెకిట్రిక్, మడమను నిలిపి పాదాగ్రమును మాత్రమే తొలగించు శస్త్రచికిత్సను వర్ణించెను. మోకాలు మిగిలినవానికిని మిగులనివానికిని గల అంతరము స్వల్పమైనది కాదు: తొడవరకు కోల్పోయినవాడు కృత్రిమపాదముతో నడచుటకు వెచ్చింపవలసిన శక్తి మిక్కిలి అధికము; గుండె అప్పటికే దుర్బలమైయున్నచో అతడు మంచమునకే అంటుకొనిపోవును.

కాని శస్త్రశాలల దస్త్రములు చిరకాలము గాయము మానిన దినముతోనే ముగియుచుండెను. కుట్లు విప్పించుకొని, చంకకర్రలతో ఇల్లు చేరిన మనుష్యుడు తరువాత ఎన్నాళ్లు బ్రతికెనో ఆరాతీసినవారు తక్కువ. ఆ ఆరా మొదలైనప్పుడు బయటపడిన సత్యము దారుణమైనది. వివిధదేశముల పరిశీలనలలో, చీలమండకు పైన కాలు తీయబడిన మధుమేహులలో ఇంచుమించు సగముమంది అయిదేండ్లలోపల మరణించుచున్నట్లు తేలెను. అనేక క్యాన్సరులకన్న ఇది ఘోరతరము. వారిని కడతేర్చునది ప్రాయికముగ కోసిన గాయము గాదు. గుండెపోటు, పక్షవాతము, మూత్రపిండముల వైఫల్యము. కాలికి నెత్తురు అందనీయక మూసికొనిపోయిన ధమనులు, గుండెకును మెదడునకును పోవు ధమనులకు తోబుట్టువులు. కాలు తీసిన కత్తి వానిని తాకనైన తాకలేదు. డయాలిసిస్‌పై ఆధారపడినవారి గతి మరింత శోచనీయము. ఇక మిగిలిన కాలు, రెంటి బరువును తానొక్కటియే మోయుచు, అదే తిమ్మిరికిని అదే రక్తలేమికిని గురియై, కొన్నేండ్లలో తానును వ్రణముల పాలగుట తరచు.

ఆ తిమ్మిరి చేయు కీడును ప్రపంచమునకు తెలియజెప్పిన ఘనతలో, మన చిత్తూరునకు చేరువనున్న వేలూరునకును భాగము కలదు. 1946లో అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల పాదములు తమంతట రాలిపోవుటలేదనియు, నొప్పి తెలియనందున అడుగడుగునకు అదేచోట పడు ఒత్తిడివలన నలిగి పుండగుచున్నవనియు గ్రహించెను. పిమ్మట అమెరికాలోని కార్విల్ చేరి, ఆ జ్ఞానమునే మధుమేహుల పాదములకును అన్వయించెను. ఒక రోగము నేర్పిన పాఠము వేరొక రోగమున అక్కరకు వచ్చుటకు ఇంతకన్న మంచి నిదర్శనము నాకు తోచదు.

ఎడింబరో నగరమున జరిగిన ప్రయత్నము మరింత ఆశాజనకము. అచ్చటి వైద్యులు, పాదవ్రణముతో వచ్చిన మధుమేహుల హృదయమునుగూర్చి అంతే శ్రద్ధవహించి, రక్తపోటునకును కొవ్వునకును ఔషధములొసగి, ఆస్పిరినును జతచేసిరి. అయిదేండ్లలోని మరణములు నూటికి 48 నుండి సుమారు 27కు దిగినట్లు 2008లో ప్రకటించిరి. వారందరును కాలు కోల్పోయినవారు కారు. ఐనను ఉభయుల ధమనులును ఒక్కతీరున చెడినవే గనుక, కాలు తీసి ఇంటికి పంపునాడు గాయపు కట్టుతోబాటు గుండెకును మందు వ్రాసియిచ్చుట శస్త్రవైద్యుని విధియని నా అభిప్రాయము.