తిత్తి లేని పెట్టె

కమ్మరి కొలిమి దగ్గర ఉండేది తిత్తి. మన రొమ్ములో ఉండేదీ తిత్తే, కాకపోతే ఊపిరితిత్తి. హార్మోనియం వెనక మడతలు మడతలుగా ఉండి, ఎడమచేత్తో ఊపేదీ తిత్తే. గాలిని పట్టి వదిలే పని ఎక్కడ జరిగినా తెలుగు ఒకటే మాట వాడింది.

గత కొన్నేళ్ళలో మన పద్యనాటకాల్లో, భజన మందిరాల్లో, చర్చిల్లో హార్మోనియం ఉన్నచోట ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చి కూర్చుంది. దానికీ మెట్లున్నాయి. ఒక బటన్ నొక్కితే హార్మోనియం గొంతు కూడా వస్తుంది. తిత్తి మాత్రం లేదు. పోయింది ఒక పాత పెట్టేనా, ఇంకేదన్నానా అన్నది నా ప్రశ్న. రోజంతా కోడు రాసుకునేవాణ్ణి కాబట్టి కొత్త యంత్రం వచ్చిందని కన్నీళ్ళు పెట్టుకోవడం నాకు చేతకాదు. కానీ ఒక యంత్రం స్థానంలో ఇంకోటి పెట్టేటప్పుడు పాతది నిజంగా ఏ పని చేసేదో చూసుకోవాలని మా వృత్తిలో మొదట నేర్పే పాఠం. ఇక్కడ ఆ లెక్క ఎవరూ చూసినట్టు లేదు.

ముందు ఒకటి ఒప్పుకుందాం: హార్మోనియం మనది కాదు. అలెగ్జాండర్ దెబాఁ అనే ఆయన 1842లో పారిస్‌లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అది కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కే పెద్ద పెట్టె. మిషనరీలతో, దొరల కుటుంబాలతో ఓడెక్కి ఇండియాకి వచ్చింది. 1870ల్లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చిన్నది చేసి, తిత్తిని వెనక్కి మార్చి, నేలమీద కూర్చుని ఒక చేత్తో ఊపుతూ ఇంకో చేత్తో వాయించేలా మలిచాడు. రెండు చేతుల వాద్యం ఒక చేతి వాద్యమైంది. పాశ్చాత్యులకి ఇది నష్టమే, ఎడమచేతి స్వరమేళనం పోయింది కాబట్టి. మన సంగీతానికి దాంతో పనే లేదు కాబట్టి మనకి నష్టం లేదు. పైగా ఖాళీ అయిన ఎడమచేతికి గాలి పని దొరికింది.

తెలుగు నాటకం కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే పుట్టింది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తీరాంధ్రకి వచ్చి ప్రదర్శనలిచ్చింది. 1887లో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘చిత్రనళీయం’ ఆడించి, నాటకంలో పాటకి చోటిచ్చారు. వీటి మధ్యలో 1885లో కడప దగ్గర సురభి అనే ఊళ్ళో, తోలుబొమ్మలాట ఆడుకునే కుటుంబాల్లోంచి వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించారు. సురభి నాటకాలకి అదే మొదలు. ఆ కుటుంబాల వారసులు ఇప్పుడుండే సురభి కాలనీ శేరిలింగంపల్లిలో ఉంది. నేనుండే నిజాంపేట నుంచి మియాపూర్, చందానగర్ దాటితే వచ్చేస్తుంది. ఐటీ కారిడార్ అని మనం పిలుచుకునే ఈ చుట్టుపక్కలే నూట ముప్ఫై ఏళ్ళు దాటిన నాటక సంప్రదాయం ఒకటి కాపురం ఉంటోంది. ‘మాయాబజార్’ ఆడితే వేదిక పక్కన వాద్యాలవాళ్ళు కూర్చునే చోటొకటి తప్పకుండా ఉంటుంది. మాయలూ మంత్రాలూ చూడ్డానికి వెళ్ళిన నేను సగం నాటకం ఆ మూలనే చూస్తుంటాను.

పద్యనాటకంలో హార్మోనిస్టు పని బయటికి కనిపించేదానికన్నా పెద్దది. కృష్ణుడు ఒక శ్రుతిలో పాడతాడు, అర్జునుడు ఇంకో శ్రుతిలో. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడి వేషం కట్టిన పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటి నటుల్ని చూడ్డానికి జనం ఊళ్ళు దాటి వచ్చేవారు. పద్యం అయ్యాక నటుడు రాగం అందుకుంటాడు. ఎంతసేపు తీస్తాడో, ఎక్కడ దింపుతాడో ముందే రాసిపెట్టి ఉండదు. ‘వన్స్ మోర్’ పడితే మళ్ళీ మొదలు. హార్మోనిస్టు నటుడి గొంతు వెనకే నడవాలి. దమ్ము తగ్గుతోందని పసిగడితే తిత్తి కాస్త గట్టిగా ఊపి, ఆ ఖాళీని పెట్టె గొంతుతో నింపాలి. నటుడు పైస్థాయి అందుకునేటప్పుడు గాలి తగ్గించి పక్కకి తప్పుకోవాలి. ఇవన్నీ ఎడమచెయ్యి చేసే పనులు. కాళ్ళతో తొక్కే లెగ్ హార్మోనియం అయితే కాళ్ళు చేసే పనులు. కుడిచెయ్యి స్వరాలు పలికిస్తుంది. ఆ స్వరాలు ఎలా బతకాలో గాలి చెబుతుంది.

ఈ పెట్టెని శాస్త్రీయ సంగీతం వాళ్ళు మాత్రం ఎప్పుడూ పూర్తిగా ఒప్పుకోలేదు. కారణం చిన్నది కాదు. హార్మోనియంలో ప్రతి మెట్టుకీ ఒక ఇత్తడి రీడు బిగించి ఉంటుంది. దాని స్వరం కదలదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారుడు లేదు, అంటే గమకం లేదు. పైగా పన్నెండు స్వరస్థానాల్నీ సమానంగా పంచేస్తారు. అలా పంచితే షడ్జం నుంచి అంతర గాంధారం 400 సెంట్ల దూరంలో పడుతుంది. తంబురాలో సహజంగా పలికే గాంధారం 386 దగ్గరుంటుంది. పద్నాలుగు సెంట్లు ఎంత అని మనకనిపించొచ్చు, చెవి తేరినవాళ్ళకి అది రాయి తగిలినట్టుంటుంది. ఆలిండియా రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లీషు స్వరకర్త దీన్ని వ్యతిరేకిస్తూ వ్యాసం రాశాడు. రవీంద్రనాథ్ టాగోరు కూడా దీన్ని స్టూడియోల్లోంచి తీసెయ్యాలని కోరుకున్నారు. 1940 మార్చిలో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 తర్వాత గానీ సడలింపులు మొదలవలేదు. మూడు దశాబ్దాలు రేడియో తలుపు మూసి ఉన్నా, నాటకం పందిట్లో మాత్రం పెట్టె మోగుతూనే ఉంది.

ఇందులో నాకు సరదాగా అనిపించే సంగతొకటుంది. కర్ణాటక గాత్రం వాళ్ళని మీ శ్రుతి ఎంత అని అడగండి. ఒకటి, ఐదు, ఐదున్నర అంటారు. ఆ అంకెలు ఎక్కడివి? హార్మోనియం తెల్లమెట్లని వరసగా లెక్కపెడితే వచ్చే అంకెలవి. నల్లమెట్టు అయితే ‘అర’. తమిళులు కట్టై అంటారు, అంటే కట్టెముక్క, మెట్టు. కచేరీలోంచి గెంటేసిన పెట్టె కొలతల్లోనే కచేరీ గొంతుని ఇప్పటికీ కొలుస్తున్నాం.

అప్పట్లో హార్మోనియం మీద వేసిన నిందలన్నీ ఇప్పుడు కీబోర్డు మీద పడుతున్నాయి. పరాయిది, జీవం లేదు, అందరి చేతిలో ఒకేలా మోగుతుంది అని. ఆ నిందలు మోసిన హార్మోనియమే ఇప్పుడు ‘సంప్రదాయం’ కుర్చీలో కూర్చుంది. కాబట్టి పరాయిది, యంత్రం అన్న వాదనలని నేను పక్కన పెట్టేస్తాను. అవి ఏ కొత్త పరికరానికైనా సరిపోతాయి.

అసలు తేడా ఎక్కడుందో నాకు స్పష్టమైంది హార్మోనియానికి దగ్గరి చుట్టమైన అకార్డియన్ కథ చదివాక. అదీ తిత్తీ రీడ్ల వాద్యమే. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలోని లూసియానాలో కేజన్లనే ఫ్రెంచి మాట్లాడే జనం ఉన్నారు. వీళ్ళ పెద్దల్ని బ్రిటిష్‌వాళ్ళు 1755 నుంచి కెనడా తీరంలోంచి వెళ్ళగొట్టారు. వాళ్ళ నాట్యాల్లోకి పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలో తయారైన చిన్న అకార్డియన్ వచ్చింది. ఒకే వరసలో పది బటన్లు. తిత్తిని లోపలికి నొక్కితే ఒక స్వరం, అదే బటన్ పట్టుకుని బయటికి లాగితే ఇంకో స్వరం. అందుకే ఆ సంగీతపు నడకే ఊపిరి పీల్చి వదిలినట్టుంటుంది. 1928లో జో ఫాల్కన్, క్లియోమా బ్రో కలిసి మొదటి కేజన్ రికార్డు చేశారు. 1930ల్లో ఫిడేళ్ళ మోజులో అకార్డియన్ వెనకబడింది. యుద్ధంతో జర్మన్ పెట్టెలు రావడం ఆగిపోయింది. 1948లో ఐరీ లెజ్యూన్ రికార్డుతో జనానికి మళ్ళీ దానిమీద మనసు పుట్టింది. అప్పుడు సిడ్నీ బ్రౌన్, తర్వాత మార్క్ సవాయ్ లాంటివాళ్ళు లూసియానాలోనే వాటిని చేత్తో తయారు చెయ్యడం మొదలుపెట్టారు. మన ఘోష్‌గారి కథే, ఊరు మారింది. ఇంకో పోలిక: కేజన్ పెట్టెల్లో గాంధారాన్ని సమాన పంపకం కన్నా కాస్త కిందికి దించి శ్రుతి చేసే అలవాటుంది. మన సంగీతజ్ఞులు గొడవపడ్డ ఆ పద్నాలుగు సెంట్ల సంగతి అక్కడి వడ్రంగులు చాకుతో రీడు గీకి తేల్చుకున్నారు.

డిజిటల్ యుగం అకార్డియన్‌కీ వచ్చింది. జపాన్ కంపెనీ రోలాండ్ 2004లో వి-అకార్డియన్ తెచ్చింది. తర్వాత నొక్కితే ఒకటి, లాగితే ఇంకొకటి పలికే బటన్ అకార్డియన్ల కోసం ఎఫ్‌ఆర్-18 అనే మోడల్ కూడా చేసింది. లోపల ఒక్క రీడు కూడా లేదు, అంతా చిప్పుల్లోంచి వచ్చే శబ్దమే. గాలితో పలికేదేమీ లేనప్పుడు తిత్తి దేనికి? ఖర్చు, బరువు, చిరిగే భయం. అయినా వాళ్ళు తిత్తిని ఉంచారు. దానిలో గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ పెట్టారు. తిత్తిని ఎంత బలంగా లాగితే శబ్దం అంత మారుతుంది. పాత పెట్టె ఒక శ్రుతికే కట్టుబడి ఉండేది, ఇందులో శ్రుతి బటన్‌తో మారుతుంది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అర్ధరాత్రి సాధన చేసుకోవచ్చు. పాతతరం వాయిద్యగాళ్ళకి చెక్కపెట్టె మీదే ప్రేమ ఉండొచ్చు. కానీ వాళ్ళ చేతులు నేర్చుకున్న విద్య మాత్రం కొత్త యంత్రంలోకి దాటగలిగింది.

దీని వెనక ఉన్న సాంకేతిక విషయం చిన్నదే. ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష మిడి. 1983లో వచ్చింది, దాని వెనక ఉన్న ముఖ్యుల్లో రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి ఒకరు. మిడి దృష్టిలో స్వరమంటే ఒక సంఘటన: మెట్టు నొక్కారు, ఎంత వేగంగా నొక్కారో 127 లోపు ఒక అంకె, తర్వాత మెట్టు వదిలారు. ఇది పియానో ఆలోచన. పియానోలో సుత్తి తీగని కొట్టాక మీ చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. హార్మోనియం దానికి పూర్తిగా తలకిందులు. మెట్టుని ఎంత వేగంగా నొక్కితే ఏం? నొక్కాకే అసలు పని మొదలు. స్వరం సంఘటన కాదక్కడ, ప్రవాహం. ఆ ప్రవాహాన్ని పంపడానికి మిడిలో దారి లేకపోలేదు. రెండో నంబరు ఊపిరికి, పదకొండో నంబరు ఎక్స్‌ప్రెషన్‌కి కేటాయించి ఉంది. అంటే తిత్తి కోసం గొట్టం వేసే ఉంది. మన పందిళ్ళకి వచ్చిన కీబోర్డులో దాని అవతలి చివర పట్టుకోవడానికి చేతికి ఏమీ ఇవ్వలేదు, అంతే.

మా మేనమామ ఒకాయన తెనాలి వైపు చాలా నాటకాలకి హార్మోనియం వాయించాడు. రెండేళ్ళ క్రితం కంటి ఆపరేషన్ కోసం వచ్చి మా ఫ్లాట్‌లో పదిహేను రోజులున్నాడు. మా పాప కీబోర్డులో హార్మోనియం టోన్ పెట్టి ముందు పెట్టాను. కుడిచెయ్యి వెంటనే మోహన పట్టుకుంది. ఎడమచెయ్యి మాత్రం రెండుసార్లు కీబోర్డు వెనక్కి వెళ్ళి, ఏమీ దొరక్క ఒళ్ళోకి వచ్చేసింది. ఒక మెట్టు నొక్కిపట్టి కాసేపు విని, “ఒరేయ్, నొక్కాక దీన్నింకేం చెయ్యడానికీ లేదేంట్రా?” అన్నాడు. వాల్యూమ్ మీట చూపించాను. “అది మైకువాడి పని కదరా” అన్నాడు.

కీబోర్డు చేసే మేలు తక్కువేం కాదు. బరువు తక్కువ. వానాకాలం చెమ్మకి రీడ్లు మొరాయించవు. నటుడు మారితే ట్రాన్స్‌పోజ్ బటన్‌తో శ్రుతి మారిపోతుంది, వేళ్ళ వరస మార్చుకోనక్కర్లేదు. స్కేల్ ఛేంజర్ హార్మోనియాలు మెట్ల పలకనే జరిపి ఈ పని చేసేవి గానీ, వాటి ధర అందరికీ అందేది కాదు. యమహా, కాసియో మన దేశం కోసమే తబలా, తంబురా గొంతులతో మోడళ్ళు తెచ్చాయి. నాటకం వాళ్ళకి ఒకే పెట్టెలో ఉరుములూ వీణా శంఖం దొరుకుతుంటే ఎందుకు వద్దంటారు? ఇంట్లో, కచేరీలో శ్రుతిపెట్టె ఎలక్ట్రానిక్ అయిపోయినప్పుడూ ఎవరం ఏడవలేదు. ఏడవక్కర్లేదు కూడా. శ్రుతిపెట్టె పని ఒకేలా మోగుతూ ఉండటం, ఆ పని చిప్పు మనిషికన్నా బాగా చేస్తుంది. హార్మోనిస్టు పని అది కాదు, ఒకేలా మోగకుండా ఉండటం అతని పని.

నాకు భయం వేసేది ఆ తర్వాతి మెట్టు గురించి. గాలి చేతిలోంచి పోయాక, వాయించేవాడు నటుడి ఊపిరి వెంట నడవడానికి అతని దగ్గరున్న ముఖ్యమైన పనిముట్టు పోయినట్టే. అప్పుడు వాయించేవాడికీ, ముందే రికార్డు చేసిన ట్రాక్‌కీ తేడా తగ్గిపోతుంది. తేడా తగ్గితే ఖర్చు లెక్కలో మనిషి ఎగిరిపోతాడు. ట్రాక్ ఉన్నచోట నటుడే దాని వెనక నడవాలి. రాగం ఎక్కడ దింపాలో ట్రాక్ చెబుతుంది, వన్స్ మోర్ అంటే వెనక్కి తిప్పుకోవాలి. ఇదంతా ఎవరో కుట్ర పన్ని చెయ్యరు. పెళ్ళి బ్యాండుల కోసం, సినిమా పాటల కోసం చేసిన యంత్రాన్ని నాటకం చవగ్గా తెచ్చుకుంటుంది, ఆ యంత్రం ఏది సులువు చేస్తే నాటకం అటు ఒరుగుతుంది. రోలాండ్ తిత్తిని ఉంచింది దయతో కాదు, అకార్డియన్ వాయించేవాళ్ళు డబ్బు పెట్టి కొనే జనం కాబట్టి, తిత్తి లేకపోతే కొనరు కాబట్టి. మన హార్మోనిస్టుకి ఆ బలం ఎప్పుడూ లేదు.

ఒత్తిడి కొలిచే సెన్సర్ ఇప్పుడు కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. దాన్ని ఒక పాత హార్మోనియం తిత్తికి తగిలించి, పదకొండో నంబరు మీద కీబోర్డుకి కలపడం ఇంజినీరింగ్ పిల్లలు సెమిస్టర్ ప్రాజెక్టుగా చేసెయ్యగల పని. ఈ నిజాంపేటలో ఒక్కో అపార్ట్‌మెంట్లో అలాంటివాళ్ళు పదిమంది ఉంటారు. సురభి కాలనీ పక్కనే ఉంది. ఆ రెండు చోట్ల వాళ్ళకీ పరిచయం లేదు, ఇప్పటికి అదొక్కటే అడ్డం.