కోర్టు లేని రేవులో అప్పు వసూలు

కలబార్ రేవు ఎఫిక్ ప్రజల గురించి రాసినవాళ్లలో చాలామంది చూపు ఎక్పే సంఘపు వేషం దగ్గరే ఆగిపోతుంది. ఒంటికి అతుక్కుపోయిన అల్లిక దుస్తులు, మెడ చుట్టూ గుబురుగా రాఫియా పీచు, నడుముకు గంట, చేతిలో కొరడా. చిరుతపులి పేరు పెట్టుకున్న ఈ సంఘానికి ‘రహస్య సంఘం’ అని ముద్ర వేసి చేతులు దులుపుకున్నారు. రహస్యాలు ఉన్నమాట నిజమే. సభ్యులకు మాత్రమే తెలిసిన న్సిబిడి గుర్తులూ ఉన్నాయి. అయితే 18వ శతాబ్దపు కలబార్‌లో ఎక్పేను నిలబెట్టింది ఆ గుట్టు ఒక్కటే కాదు. అది ఊరి పంచాయతీ, అంతకు మించి బాకీలు రాబట్టే యంత్రాంగం.

ఇప్పటి నైజీరియా ఆగ్నేయ మూలన ఉన్న ఈ రేవులో ఊళ్లన్నిటినీ ఏలే రాజు లేడు. క్రీక్ టౌన్, ఓల్డ్ టౌన్, డ్యూక్ టౌన్ దేనికది వేరు. ఒక్కో ఊళ్లో వ్యాపార కుటుంబాలు, ఒక్కో కుటుంబానికి ఒక పెద్ద. వ్యాపారమంతా అరువు మీదే నడిచేది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఓడ రాగి కడ్డీలు, ఇనుము, తుపాకులు, బట్టలు ముందే ఇచ్చేసి నదిలో నెలల తరబడి లంగరు వేసి కూర్చునేది. ఆ బట్టల్లో మన దేశపు నూలు నేతా ఉండేది. ఎఫిక్ వర్తకుడు ఆ సరుకుతో నది ఎగువకు పోయి మనుషులను కొని తెచ్చేవాడు. తేకపోతే? అందుకే ఓడ మీద కుదువ పెట్టే పద్ధతి వచ్చింది. పొలం కాదు, బంగారం కాదు, మనుషులనే కుదువ పెట్టేవారు. వాళ్లలో వర్తకుడి సొంత బంధువులూ ఉండేవారు. గడువు దాటితే ఓడ వాళ్లతోనే కదిలిపోయేది.

కుదువ భయం ఒక పక్కైతే, ఎక్పే భయం మరో పక్క. బాకీ తీర్చనివాడి మీద అప్పిచ్చినవాడు ఎక్పేను ఆశ్రయిస్తే, డోలు మోగేది, వేషగాడు వీధిలోకి వచ్చేవాడు, సభ్యులు కానివాళ్లు తలుపులు మూసుకునేవారు. బాకీదారుడి ఇంటికి కట్టుబాటు పడేది. తీర్చేదాకా అతనితో ఎవరూ లావాదేవీ చేయకూడదు. దీని బలమంతా సంఘంలోని అంతస్తుల్లో ఉంది. ఒక్కో మెట్టు ఎక్కాలంటే డబ్బు కట్టాలి, కట్టిన డబ్బును పై మెట్టువాళ్లు పంచుకునేవారు. అంటే ఊళ్లోని ధనికులందరి పెట్టుబడీ ఆ కట్టుబాటులోనే ఉంది. దాన్ని నీరుగారిస్తే నష్టపోయేది తామే.

అంత గట్టి కట్టుబాటైతే 1767 ఎందుకు జరిగిందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఓల్డ్ టౌన్‌కూ డ్యూక్ టౌన్‌కూ తగవు ముదిరిన ఆ ఏడాది, రాజీ కుదురుస్తామని ఇంగ్లిష్ కెప్టెన్లు ఓల్డ్ టౌన్ వాళ్లను ఓడల మీదికి పిలిచి, డ్యూక్ టౌన్ వాళ్లతో కుమ్మక్కై వందలమందిని చంపించారు. పట్టుబడిన రాబిన్ జాన్ కుటుంబపు కుర్రాళ్లు ఇద్దరు బానిసలుగా డొమినికాకు, అక్కడి నుంచి వర్జీనియాకు చేరి, చివరికి బ్రిస్టల్‌లో న్యాయపోరాటం చేసి విడుదలై 1774లో ఇల్లు చేరారు. ఈ ఘటన ఎక్పే డొల్లతనాన్ని చూపదు, దాని హద్దును చూపుతుంది. ఆ కట్టుబాటు లోపలివాళ్ల మీదే పనిచేసింది. ఓడ కెప్టెన్ దానికి బయటివాడు. తర్వాతి కాలంలో కెప్టెన్లే డబ్బు కట్టి ఎక్పేలో చేరడం మొదలైంది. అంధ యాత్రికుడు జేమ్స్ హోల్మన్ 1828లో వచ్చినప్పుడు ఒక ఇంగ్లిష్ కెప్టెన్ పై మెట్టు దాకా ఎక్కిన సంగతి నమోదు చేశాడు. కలబార్‌లో బాకీ రాబట్టాలంటే తుపాకీ కంటే సభ్యత్వమే నమ్మకమని వాళ్లకు అర్థమైనట్టుంది.

దీనికన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. ఇలా అరువు, కుదువ, అంతస్తు అంటూ చెప్పుకుపోతే మనుషుల అమ్మకం బ్యాంకు వ్యవహారంలా తేలిపోదా? దీనికి జవాబు డ్యూక్ టౌన్ వర్తకుడు అంటేరా డ్యూక్ డైరీలోనే ఉంది. 1785 నుంచి 1788 దాకా పిడ్జిన్ ఇంగ్లిష్‌లో రాసుకున్న డైరీ అది. రోజు తర్వాత రోజు నిద్ర లేచిన వేళ, వానో మంచో, ఏ కెప్టెన్‌తో భోజనం, ఎవరికి ఎంత బాకీ. 1786లో ఊరి పెద్ద డ్యూక్ ఎఫ్రాయిమ్ అంత్యక్రియల రోజూ అలాగే మొదలవుతుంది: తెల్లవారుజాము, పెద్ద వాన. ఆ వెంటే, అదే గొంతుతో, ఒక్కరోజులో యాభైమంది బానిసల తలలు నరికిన లెక్క. వాళ్లు కట్టుబాటు తప్పినవాళ్లు కారు. కట్టుబాటు ఎవరి కోసమో వాళ్లలో లేనివాళ్లు, అంతే. వ్యవస్థ పక్కాగా నడిచిందని చెప్పడం దాన్ని మెచ్చుకోవడం కాదు; పక్కాగా నడిచింది కనుకనే అన్ని ఓడలు నిండాయి.

1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించాక కలబార్ పామాయిల్‌కు మళ్లింది. అరువు పద్ధతి మారలేదు, ఎక్పే మారలేదు. 1850లో మిషనరీలు, కెప్టెన్ల ఒత్తిడి మీద అంత్యక్రియల బలులను ఎక్పే చేతే నిషేధించారు. సరిగ్గా ఆ కాలంలోనే తోటల్లో పనిచేసే బానిసలు రక్తప్రమాణంతో సొంత కూటమి కట్టి, ఈ బలులకు వ్యతిరేకంగా డ్యూక్ టౌన్‌లోకి నడిచి వచ్చారు. మార్పు తెచ్చిన ఘనతను మిషనరీలకే కట్టబెట్టే చరిత్రలు ఈ రెండో సంగతిని తొందరగా దాటేస్తాయి.

ఇక ఓడలెక్కించిన మనుషుల సంగతి. 1836లో క్యూబాలో, హవానాకు ఎదురుగా ఉన్న రెగ్లా రేవులో, కలబార్ ఉన్న క్రాస్ నది ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు అబకువా అనే సంఘాన్ని మొదలుపెట్టారు. ఎక్పేలో లాగే అందులోనూ చిరుతపులి గొంతుగా భావించే డోలు ఉంది, మెట్లున్నాయి, రుసుము ఉంది, ఆపదలో ఒకరికొకరు నిలబడాలన్న నియమం ఉంది. తర్వాత రేవు కూలీల్లో అది బలంగా వేళ్లూనుకుంది. దాని వేషగాడు ఇవాళ్టికీ వీధిలోకి నడుముకు గంటలు కట్టుకునే వస్తాడు.