పూచీ ఎవరిది? హిందూపురం–కదిరి ప్రాంత సరుకు రవాణాలో డిజిటల్ వేదికలు

గాండ్లపెంట పేరులోనే గానుగ ఆడించే గాండ్లవారున్నారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మండలం బయటివారికి వేమన సమాధి ఉన్న కటారుపల్లి వల్ల తెలుసు. ఇక్కడి మెట్ట పంట వేరుశనగ. బోరులో నీళ్లున్నచోట టమాట వేస్తారు. శనక్కాయ మూటలు ఇంట్లో పడి ఉంటాయి, ధర వచ్చేదాకా ఓర్చుకుంటాయి. టమాటకు ఆ ఓపిక లేదు. పొద్దువాలే వేళకు కోసిన కాయ తెల్లవారేసరికి ములకలచెరువుకో మదనపల్లెకో, అనంతపురం పక్కనున్న కక్కలపల్లికో చేరాలి.

ఆ రాత్రి బండిని కాస్త దగ్గరగా చూడాలి. ఒకే పికప్‌లో నలుగురైదుగురు రైతుల బాక్సులు ఎక్కుతాయి. బాడుగ బండికి కాదు, బాక్సుకు ఇంతని. డ్రైవరు ఊరివాడో పక్క ఊరివాడో అయి ఉంటాడు. రైతు బండి వెంట పోయినా పోకపోయినా సరుకు మండీకి చేరుతుంది. చాలాసార్లు ఈ దారంతా ఒక్క కాగితమూ ఉండదు. వేలం ముగిశాక మండీవాళ్లు రాసిచ్చే చీటీలోనే బాక్సుల లెక్క, ధర, కమీషన్, హమాలీ, బాడుగ అన్నీ వరుసగా దిగుతాయి. బాడుగను మండీ యజమానే డ్రైవరుకు ఇచ్చి, రైతు లెక్కలో కోసుకుంటాడు. విత్తనాలకూ మందులకూ ముందే ఇచ్చిన అప్పు కూడా అక్కడే తెగుతుంది. అంటే ఆ చిన్న చీటీ అమ్మకం రసీదు, రవాణా రసీదు, అప్పుల ఖాతా కూడా. దాని వెనక ఒక మనిషి పూచీ ఉంది. లెక్క తేడా వస్తే రైతు ఎవరి గడప ఎక్కాలో అందరికీ తెలుసు.

ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే. ఈ ప్రాంతంలో డిజిటల్ వేదికలు కాగితాన్ని మార్చాయి, ధర తెలిసే తీరును మార్చాయి, డబ్బు చేతులు మారే పద్ధతినీ మార్చాయి. పూచీని మాత్రం నెత్తిన వేసుకోలేదు. దళారి ఇంకా నిలబడి ఉన్నది రైతుల అమాయకత్వం వల్ల కాదు, ఆ ఖాళీ వల్ల.

ప్రభుత్వం తప్పనిసరి చేసిన చోట మార్పు వేగంగా వచ్చింది. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చాక వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు పోయాయి. హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి 44 మీద రాష్ట్ర సరిహద్దున ఉన్న కొడికొండను ఈనాటికీ జనం ‘కొడికొండ చెక్‌పోస్టు’ అనే పిలుస్తారు. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాలు దాటే సరుకు విలువ రూ. 50,000 మించితే ఈ-వే బిల్లు తప్పనిసరైంది. అందులో మొదటి భాగం సరుకు వివరం, రెండో భాగం బండి నంబరు. 2021 నుంచి మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫాస్టాగ్ కూడా టోల్ కట్టే అన్ని బండ్లకూ తప్పనిసరైంది. ఇవి మంచి మార్పులే. కానీ ఇవన్నీ సరుకును పన్ను కంటితో చూసిన ఏర్పాట్లు. తాజా కూరగాయలకు పన్నే లేదు గనుక ఈ-వే బిల్లూ అక్కర్లేదు. ధర్మవరం పట్టుచీరల మూటకు డిజిటల్ ఆనవాలు ఉంటుంది, గాండ్లపెంట టమాటకు ఉండదు. దారిలో పాడయ్యేది ఏదో దానికే జాడ లేదన్నమాట.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం సంగతి వేరు. కార్ల పరిశ్రమలో కొనేవాడొక్కడే. విడిభాగాలు తెచ్చే బండి ఏ వేళకు గేటు దగ్గర ఉండాలో, ఆలస్యమైతే నష్టం ఎవరిదో ఒప్పందంలోనే ఉంటుంది. పూచీ ముందే తేలిన చోట సాఫ్ట్‌వేర్ నల్లేరు మీద బండిలా నడుస్తుంది.

హిందూపురం చింతపండు దీనికి మరో కొస. ఇక్కడి మార్కెట్ యార్డుకు చింతపండుతోనే పేరు. సరుకు ప్రధానంగా రెండు రకాలు: కరిపులి, ఫ్లవర్. రెండింటి ధరకూ చాలా తేడా. జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్, 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మండీలతో మొదలైంది. తర్వాత హిందూపురం యార్డూ అందులో చేరింది. గేటు దగ్గర సరుకు నమోదు, రాశికి ఒక లాట్ నంబరు, నాణ్యత పరీక్ష, తెర మీద ధర కోట్ చేయడం, ఎలక్ట్రానిక్ కాటా, బ్యాంకు ఖాతాలోకి డబ్బు, ఇదీ వరుస. ఒక వ్యాపారి వేసిన ధర పక్కవాడికి కనబడదు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చిన మండీల చరిత్ర తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు.

అయినా వ్యాపారి రాశి దగ్గరికి వస్తాడు. ఒక పండు తీసి విరుస్తాడు. జిగురు ఎంతుంది, పీచు ఎంత, గింజ ఎక్కడైనా మిగిలిందా, చెమ్మ పట్టిందా అని వేళ్లతో చూస్తాడు, రంగును వెలుగుకు పట్టి చూస్తాడు. చింతపండు నిల్వలో నల్లబడుతుంది. ఇవాళ ఎర్రగా ఉన్నది రెండు నెలలకు ఏ రంగు తిరుగుతుందో పసిగట్టడమే ఈ వ్యాపారంలో అసలు విద్య. పరీక్ష పట్టికలో తేమ శాతం రాయవచ్చు, ఈ అంచనాను రాయలేం. అందుకే సేలంలోనో నాగపూర్‌లోనో కూర్చున్న కొనుగోలుదారు తెర చూసి ధర వేయడానికి జంకుతాడు. నాణ్యత తేడా వస్తే ఆ పట్టిక మీద సంతకం చేసినవారు నష్టం కడతారా అన్నది అతని ప్రశ్న. జవాబు లేనంతకాలం అతను యార్డులోని తన మనిషినే నమ్ముకుంటాడు. ఈ-నామ్‌లో ఒక మండీ నుంచి మరో మండీకి జరిగే వ్యాపారం దేశమంతటా చిన్న భాగంగానే మిగలడానికి ఇదో ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఇక బండిని కుదిర్చే పని. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడిపేవాడు లోడు చూపించి కమీషన్ తీసుకుంటాడు. నిజమే. కానీ బాడుగలో డీజిల్‌కు అడ్వాన్సు ఇచ్చేది, సరుకు దిగాక బ్యాలెన్సు ఇప్పించేది, తిరుగు లోడు చూసేది, దారిలో బండి ఆగితే అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది అతనే. యాప్‌లు వీటిలో లోడు చూపించడాన్ని మాత్రమే సులువుగా తీసుకున్నాయి. 2020 ఏప్రిల్ 17న, లాక్‌డౌన్ మధ్యలో, కేంద్రం తెచ్చిన ‘కిసాన్ రథ్’ యాప్ కూడా రైతుకు బండివాళ్ల వివరాలు చూపింది. బేరం, భారం వాళ్లకే వదిలింది. అదే ఏడాది సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు దక్షిణాదిలో తొలి కిసాన్ రైలు బయలుదేరింది. దానికి యాప్ హంగు లేదు. రైల్వే రసీదు ఉంది, ఆ రసీదు వెనక 1989 రైల్వే చట్టం మోపిన బాధ్యత ఉంది. బాడుగలో 50 శాతం సబ్సిడీ కూడా తోడయింది.

రోడ్డు రవాణాకూ చట్టం లేకపోలేదు. 1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానంలో 2007లో వచ్చిన రోడ్డు రవాణా చట్టం 2011 మార్చి 1న అమల్లోకి వచ్చింది. బుకింగ్ ఏజెంట్లనూ బ్రోకర్లనూ అది రవాణాదారుల కిందే లెక్కగట్టింది. రసీదు ఇవ్వాలంది. సరుకు పోతే, పంపినవారు ఎక్కువ విలువ ప్రకటించనప్పుడు, పరిహారాన్ని బాడుగకు పది రెట్లకు పరిమితం చేసింది. వేదికలేమో సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ నీడలో ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అనే వీలుంది. ఒకే పని చేసే బ్రోకరుకు ఒక చట్టం, యాప్‌కు మరో చట్టం ఆసరా కావడం న్యాయం కాదు. అమెరికాలో సరుకు బ్రోకరు ఎవరైనా, తెర మీద వ్యాపారం చేసినా సరే, 75,000 డాలర్ల పూచీకత్తు చూపాలి. మనవద్ద అంత మొత్తం అక్కర్లేదు. ఊరి పికప్‌కు తగిన చిన్న నిధి, బాక్సుకు రూపాయో అర్ధో వేసి కూడగట్టేది, మార్కెట్ కమిటీ చేతిలో ఉన్నా చాలు. అదీ మాటల్లో కాక, రైతు పేరు, బాక్సుల లెక్క, బండి నంబరు ఉన్న రసీదుకు ముడిపడి ఉండాలి. కొన్ని టమాట మండీల్లో వందకు ఇన్ని బాక్సులని ఊరికే తీసే ‘జాక్‌పాట్’ మీద రైతులు ఏళ్లుగా మొరపెట్టుకున్నారు. బయలుదేరినప్పటి లెక్క రాతలో ఉంటే ఆ మొరకు ఒక ఆధారం దొరుకుతుంది.

బండి దారిలో చెడిపోయిందనుకుందాం. ఈ-వే బిల్లున్న సరుకైతే రెండో భాగంలో కొత్త లారీ నంబరు వేస్తే సరి, ఫోన్‌లో నిమిషాల పని. టమాట బండి అయితే డ్రైవరు మరో పికప్‌ను బతిమాలి, చీకట్లో బాక్సులు ఎత్తి దించి మార్చుకోవాలి. ఆ మార్పిడిలో అడుగు బాక్సుల్లో కాయ నలుగుతుంది, రసం కారుతుంది. తెల్లారి మండీలో ధర తగ్గించి రాసిన చీటీ పట్టుకుని రైతు మొదట ఆ డ్రైవరు ఇంటికే వెళ్తాడు.